అప్పన్న చేపలు, మురళి బీరు

సింగపూర్‌లో వేసవి లేదు. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపే ఉన్న ఊరికి ఋతువులు ఉండవు. ఉన్నవి రెండే: వాన పడే పూట, పడని పూట. అందుకే మా పిన్ని కొడుకు మురళి ఫోన్ చేసి, "వేసవి సెలవులకి రా అక్కా, కారులో రోడ్డు ప్రయాణం చేద్దాం, చిన్న చిన్న బీరు కంపెనీలు, సరస్సుల పక్క బీచులు అన్నీ చూపిస్తా" అన్నప్పుడు, ఆ ఒక్క వాక్యంలో కనీసం మూడు తప్పులున్నాయని చెప్పాను. వేసవి లేదు. రోడ్డు ప్రయాణం చేయడానికి తగినంత దేశం లేదు. సరస్సులకు బీచులుండవు. మురళి నవ్వి, టికెట్ తీసేశానన్నాడు.

నేను విశాఖపట్నంలో నీటి పరీక్షల ప్రయోగశాలలో ఇరవై ఏడేళ్ళుగా పని చేస్తున్నాను. ఎవరేం చెప్పినా "ఎలా తెలుసు?" అని అడగడం నా ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ లెక్క ప్రకారం నా జబ్బు. చేతిసంచిలో థర్మామీటరు, నీటిలో క్లోరిన్ చూసే కాగితపు పట్టీలు ఎప్పుడూ ఉంటాయి. ఈసారి పెట్టెలో మూడు కిలోల తాటిబెల్లం కూడా ఉంది. విమానాశ్రయంలో తనిఖీ చేసిన అమ్మాయి ఆ నల్లటి ముద్దలను చూసి ఏమిటని అడిగింది. చెట్టు నుంచి తీసిన చక్కెర అన్నాను. వాసన చూసి, ఇంకోసారి చూసి, వెళ్ళమంది.

యీషున్‌లో ఉక్కు తలుపు

మురళిది యీషున్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్. పగలు ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. సాయంత్రం నుంచి బీరు కాయడం. ఇంట్లో తాగడానికి కాచుకుంటే అక్కడి చట్టం ఒప్పుకుంటుంది, అమ్మితే ఒప్పుకోదు. కొత్త ఫ్లాట్లన్నింటిలోనూ బాంబు దాడి వస్తే దాక్కోవడానికి మందపాటి గోడలతో, ఉక్కు తలుపుతో ఒక చిన్న గది కడతారు. ఊరంతా ఆ గదిలో బియ్యం మూటలూ సూట్‌కేసులూ పెట్టుకుంటే, మురళి పీపాలు పెట్టుకున్నాడు. ఆ గదిలో చోటు కోసం ఇంకొకటి బయట వేచి ఉంది: అతని భార్య లావణ్య కుట్టుమిషను. యీషున్‌లోని తెలుగు ఇళ్ళకు జాకెట్లు కుట్టి ఇచ్చే ఆమె, రెండేళ్ళుగా మంచానికీ బీరువాకూ మధ్య ఇరుక్కుని పని చేస్తోంది.

ప్రయాణానికి అసలు కారణం మొదటి రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. పడమట బూన్ లే వైపు ఒక చిన్న బీరు కంపెనీ ఉంది. దాని యజమాని లిమ్ అంకుల్ దగ్గర చిన్న తొట్టి ఒకటి ఖాళీ అవుతోంది. మురళి తాటిబెల్లం, ధనియాలు వేసి కాచే బీరు ఆయనకు నచ్చితే, ఆ తొట్టిలో మురళి పేరుతో ఒక విడత కాస్తాడు. ఆ మాటకు ఆయన్ని ఒప్పించడానికే మురళికి ఏడాదిన్నర పట్టింది. మంగళవారం రుచి చూస్తాడు.

"నచ్చకపోతే?" అన్నాను.

లావణ్య అన్నం వడ్డిస్తూనే జవాబిచ్చింది. "పీపాలు బయటికి, మిషను లోపలికి. ఒప్పందం అయిపోయింది వదినా. నువ్వు సాక్షి."

"ఇది ఐదోసారి అక్కా," అన్నాడు మురళి నెమ్మదిగా. "నాలుగుసార్లు ఏదో తేడా వచ్చింది. ఏంటో నాకు తెలీట్లేదు. నువ్వు చెప్పినట్టే నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చే వాడుతున్నా."

అది నిజమే. రెండేళ్ళ క్రితం ఫోన్‌లో అడిగితే, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, పావుగంట మరిగిస్తే పోతుంది అని చెప్పింది నేనే. ఆ రాత్రి వంటింటి కుళాయి కింద నా పట్టీ ఒకటి ముంచి చూశాను. రంగు దాదాపు మారలేదు. క్లోరిన్ లేనట్టే. "మీ నీళ్ళు మా నీళ్ళకన్నా మంచివి. తప్పు ఇంకెక్కడో ఉంది," అని తీర్పు చెప్పి పడుకున్నాను.

ఆదివారం: సెంబవాంగ్

బీరు రుచులు ఉన్న ప్రయాణంలో కారు నడిపే మనిషి తాగకూడదు గనుక గంటల లెక్కన అద్దెకు తెచ్చిన కారు లావణ్య చేతికి వచ్చింది. నాలుగు రోజుల్లో మేం తిరిగిందంతా కలిపితే వైజాగు నుంచి తుని దాకా వచ్చింది. మీటరు చూసే చెబుతున్నాను.

మొదట సెంబవాంగ్ వేడినీటి బుగ్గ. మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని లావణ్య ఎవరి దగ్గరో విని, నా మోకాళ్ళను ఉద్దేశించి తీసుకువెళ్ళింది. జనం ప్లాస్టిక్ తొట్లలో కాళ్ళు పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. బకెట్లో వేడినీళ్ళు పోసుకున్నా ఇదే సుఖం అన్నాను. అయినా అరగంట లేవలేదు. పక్కన ఒక కుటుంబం బుగ్గ నీళ్ళు వచ్చే కుళాయి కింద గుడ్లు ఉడకబెడుతోంది. థర్మామీటరు అరవై ఎనిమిది డిగ్రీలు చూపించింది. ఆ వేడికి పచ్చసొన గట్టిపడుతుంది, తెల్లసొన పూర్తిగా పేరుకోదు. ఆ ఇంటి పెద్దావిడ నాకొకటి ఒలిచి ఇచ్చింది. అచ్చం అలాగే ఉంది, మన గుడ్డును తిరగేసినట్టు. సోయా సాస్ చుక్కలు వేసుకుని తిన్నాను. బాగుంది.

సాయంత్రం అక్కడికి దగ్గర్లోని సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. ఎదురుగా మలేషియా. భీమిలి చూసిన కంటికి అది ఇసుక పట్టీలా ఉంటుంది, కాని నీడ ఉంది, చెత్త లేదు. రాళ్ళ మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషి మా మాటలు విని తల తిప్పాడు.

"ఏ ఊరండి మీది?"

అతని పేరు అప్పన్న, టెక్కలి దగ్గర పల్లె. ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు, ఆరేళ్ళయింది. ఆదివారం సెలవు. తోటివాళ్ళంతా లిటిల్ ఇండియాకి పోతారనీ, తనకు ఆ తోపులాట పడదనీ చెప్పాడు. పొట్లంలోని మరమరాలు మా ముందు పెట్టాడు. నేను నీటి పరీక్షలు చేస్తానని మురళి గొప్పగా చెప్పగానే అప్పన్న గాలం పక్కన పెట్టేశాడు.

"అయితే ఒక సంగతి అడగాల మేడమ్. మా డార్మిటరీలో గాజు సీసాలో రంగుచేపలు పెంచుతాను. మా అమ్మ చేసినట్టే నీళ్ళు బకెట్లో పట్టి రాత్రంతా ఉంచి, తెల్లారి పోసినాను. సచ్చిపోనాయి. ఇంకోసారి తెచ్చినాను, సచ్చిపోనాయి. మూడోసారీ అంతే. ఆకరికి చేపల కొట్టోడు ఏదో మందు ఇచ్చినాడు, నీళ్ళలో నాలుగు చుక్కలేయమన్నాడు. ఎనిమిది నెలలైంది, ఇవి బతికున్నాయి. ఏటుంతాది ఆ నీళ్ళలో?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీళ్ళలో ఏమీ ఉండదని, నిన్ననే పరీక్షించానని, కొత్తగా చేపలు పెంచేవాళ్ళు తిండి ఎక్కువ వేసి నీళ్ళు పాడుచేస్తారని, చుక్కలు అమ్ముకోవడం కొట్టువాడి పని అని వివరించాను. అప్పన్న వినయంగా తల ఊపాడు.

"అలాగేనేమోనండి," అని గాలం మళ్ళీ అందుకున్నాడు.

ఏదో ఒక ఆదివారం పీతలు తెచ్చి ఇస్తానంటే లావణ్య అతని నంబరు రాసుకుంది.

సోమవారం: టిష్యూ పొట్లం

చైనాటౌన్‌లో ఒక పెద్ద హాకర్ సెంటర్ ఉంది. వందల కొట్లు ఒకే కప్పు కింద. మన ఊళ్ళో బజ్జీల బళ్ళన్నింటినీ చేర్చి, పైన ఫ్యాన్లు బిగించి, నేల కడిగినట్టు ఊహించుకోండి. అక్కడ నూడుల్స్ కొట్టు పక్కనే చిన్న కంపెనీల బీరు పోసే కొట్టు ఉంది. బల్లలన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్క బల్ల ఖాళీ. దాని మీద ఎవరో టిష్యూ పొట్లం మరిచిపోయారు. బాధ్యత గల మనిషిగా నేను దాన్ని తీసుకెళ్ళి గిన్నెలు సర్దే ఆవిడకు అప్పగించి, వచ్చి కూర్చున్నాను.

రెండు నిమిషాల్లో పళ్ళేలతో ఒక చైనీస్ ఆంటీ, ఆమె భర్త వచ్చి నా ముందు నిలబడ్డారు. "ఐయో, ఐ చోప్ ఆల్రెడీ," అంది ఆంటీ. టిష్యూ పొట్లం పెడితే ఆ బల్ల నాది అని అర్థమట. దాన్ని చోప్ చేయడం అంటారు. మన బస్సు కిటికీలోంచి సీటు మీద వేసే తువ్వాలుకు చెల్లెలన్నమాట. లేచి క్షమాపణ చెప్పబోతే ఆంటీ నన్ను లాగి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆమె నోట 'ఐయో' ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఎప్పటి నుంచో మాదే అంది. దానికి ఆధారం అడగలేదు.

ఒక గ్లాసు పద్నాలుగు డాలర్లు. ఆమె తిన్న నూడుల్స్ ఐదు. మన దగ్గర బీరు సీసాకు ముందు న్యూస్‌పేపరు చుట్టి, ఆపైన నల్ల కవరు తొడుగుతారు. ఇక్కడ ఎదుటి బల్ల దగ్గర తాతగారు మనవరాలికి చేప ముళ్ళు తీసి పెడుతూ, మధ్యలో ఒక గుక్క తాగుతూ ఉన్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. నేను మూడు రకాలు, ఒక్కొక్కటి రెండు గుక్కల చొప్పున రుచి చూశాను. ఒకటి పంపరపనస తొక్కతో కాచారట. తొక్క వాసన నాకు నిజంగానే తెలిసింది. ఇంకొకటి వాడిన నీటిని మళ్ళీ శుద్ధి చేసి, దానితో కాచిందని కొట్టువాళ్ళు చెబితే మురళి నా మొహం చూశాడు. నీటి అణువుకు పాత కాపురం గుర్తుండదు అని చెప్పి, రెండో గుక్క తాగాను.

మురళి మాత్రం ఏదీ సరిగ్గా తాగలేదు. ప్రతి గ్లాసునూ వాసన చూసి, కింద పెట్టి, "నాది ఇలా ఉండదు," అన్నాడు. బాగుండదనా, వేరుగా ఉంటుందనా అంటే తర్వాతి గ్లాసు అందుకున్నాడు.

మంగళవారం ఉదయం: సరస్సుకు బీచు

జురాంగ్ సరస్సు ఒడ్డున బీచు ఉందన్న మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నీళ్ళు లోతు తక్కువగా పారేలా చేసిన చోట ఇసుక పోశారు. గుప్పెడు తీసి వేళ్ళ మధ్య జార్చి చూశాను. గవ్వ ముక్క ఒక్కటి లేదు. "తెచ్చి పోసింది," అన్నాను.

"ఈ ఊళ్ళో తెచ్చి పోయనిదేదో చెప్పు వదినా," అంది లావణ్య. "మమ్మల్ని కూడా అలాగే పోశారు."

సరస్సులో దిగకూడదని బోర్డుంది. ఎవరూ దిగలేదు, బోర్డును పాటించే జనాన్ని చూడటమే నాకు ఒక వింత. చెప్పులు విప్పి, ఇసుక పోసిన చోట పాదం మునిగే నీళ్ళలో ముగ్గురం నడిచాం. లావణ్య పొద్దున్నే చేసిన పులిహోర చెట్టు కింద తిన్నాం. అవతలి ఒడ్డున తెల్ల కొంగ ఒకటి మా అంత తీరిగ్గా నిలబడి ఉంది. ఆ గంటసేపు నేనేమీ కొలవలేదు.

మురళి బీరు సీసాలున్న పెట్టెను ఒడిలో పెట్టుకునే తిన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం: మూడు గ్లాసులు

బీరు కంపెనీ అంటే పొగగొట్టాలు ఊహించుకోకండి. లారీలు చుట్టలు తిరుగుతూ పైదాకా ఎక్కగలిగే ఒక ఫ్యాక్టరీ భవనంలో ఐదో అంతస్తు. ఎడమవైపు కార్లు బాగుచేసే షెడ్డు, కుడివైపు బిస్కెట్లు చేసేవాళ్ళు. తలుపు తీయగానే వేయించిన రాగులతో అంబలి కాచినట్టు కమ్మటి వాసన. అది బార్లీ మొలకల వాసనట. లిమ్ అంకుల్‌కు అరవై దాటి ఉంటాయి. రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా నిక్కరు.

ఆయన పద్ధతి నాకు వెంటనే నచ్చింది. ఎవరి బీరు అని తెలిసి ఆయన ఏ బీరునూ రుచి చూడడు. మూడు చిన్న గ్లాసులు. రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరేది; ఒకటి ఆయనది, ఒకటి మురళిది. ఏది ఎక్కడుందో గ్లాసు అడుగున చీటీ. ఆయన వెనక్కి తిరిగి నిలబడితే లావణ్య పోసి, చీటీలు అంటించి, గ్లాసులు అటూ ఇటూ మార్చింది. నాకూ మురళికీ కూడా ఒక్కో వరుస పెట్టింది. మా ప్రయోగశాలలో ఇంత నిజాయితీ ఉన్న పరీక్షలు తక్కువ.

లిమ్ అంకుల్ గ్లాసులు ఎత్తలేదు. మూడింటి మీదా ముక్కు పెట్టి, మధ్య గ్లాసును పక్కకు జరిపాడు.

"ప్లాస్టర్," అన్నాడు.

దెబ్బకు అంటించే ప్లాస్టర్ వాసన అని ఆయన ఉద్దేశం. నేనూ చూశాను. ఆ మాట విన్నాక ఇంకేమీ తోచలేదు. ఆసుపత్రి వార్డు గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. తాటిబెల్లం, ధనియాలు ఆ వాసన వెనకాల ఎక్కడో ఉన్నాయి. అడుగున చీటీ చూడనవసరం లేకుండానే మురళి మొహం చెప్పేసింది. ఏడాదిన్నర ఎదురుచూపు ఒక్క మాటలో తేలిపోయింది.

నీళ్ళేం చేస్తావని లిమ్ అంకుల్ అడిగాడు. పావుగంట మరిగించి చల్లారుస్తానన్నాడు మురళి. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నేను కల్పించుకున్నాను. మరిగించడం సరైన పద్ధతే అన్నాను. ఆ కుళాయి నీళ్ళు నేనే పరీక్షించాను, క్లోరిన్ లేదు, నాది ఇరవై ఏడేళ్ళ అనుభవం అని, సంచిలోంచి పట్టీల డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన డబ్బాను తిప్పి చదివి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఫ్రీ, ఆర్ టోటల్?"

నా పట్టీ చూసేది విడి క్లోరిన్‌నా, మొత్తాన్నా అని. నాకు జవాబు తెలుసు. అదే బాధ. మా ఊళ్ళో నీళ్ళకు క్లోరిన్ ఒక్కటే కలుపుతారు. అది విడిగా ఉంటుంది, మరిగిస్తే పోతుంది, ఎండలో పెట్టినా పోతుంది. కొన్ని ఊళ్ళలో క్లోరిన్‌తో పాటు కాస్త అమ్మోనియా కలుపుతారు. ఆ రెండూ జతకడితే పైపుల్లో ఎక్కువ కాలం నిలుస్తాయి. పావుగంట మరిగించినా, రాత్రంతా బకెట్లో ఉంచినా తొందరగా వదలవు. విడి క్లోరిన్‌ను మాత్రమే చూసే నా పట్టీకి ఆ జంట కనబడదు. తాగే మనిషికి దానితో హాని లేదు. బార్లీ పొట్టుతో కలిస్తే మాత్రం ప్లాస్టర్ వాసన. ఇవన్నీ నేను పాఠాలుగా చెప్పిన విషయాలే. ఆ ఊరి నీళ్ళలో ఏం కలుపుతారన్న ఒక్క ప్రశ్న రెండేళ్ళ క్రితం అడగలేదు, శనివారం రాత్రీ అడగలేదు.

లిమ్ అంకుల్ తన పట్టీ ఒకటి కుళాయి కింద పెట్టాడు. దానికి రెండు గళ్ళు. ఒకటి తెల్లగానే ఉంది. రెండోది మెల్లగా రంగెక్కింది.

"తప్పు నాది," అన్నాను. తెలుగులో మురళికి ఒకసారి, ఇంగ్లీషులో ఆయనకు ఒకసారి. "ఐదు విడతలూ వీడు పాడుచేయలేదు. నా సలహా పాడుచేసింది."

మురళి నావైపు చూసి, కోప్పడతాడనుకుంటే, పెద్దగా ఊపిరి వదిలాడు. "అంటే అక్కా, నా చేతిలో తప్పు లేదన్నమాట."

"ఉందో లేదో ఇంకా తెలీదు," అన్నాను. "నీళ్ళ తప్పు ఒకటి తెలిసింది, అంతే."

లిమ్ అంకుల్ షరతు చెప్పాడు. తొట్టి ఖాళీ అవడానికి మూడు వారాలుంది. ఇదే బీరును తన దగ్గర, తను శుద్ధి చేసుకునే నీళ్ళతో, చిన్న కుండలో తను కాస్తాడు. మురళి తన ఇంట్లో, తన నీళ్ళతో కాయాలి. రెండూ మూడు గ్లాసుల్లో పడాలి. తేడా పట్టగలిగితే తొట్టి ఇంకొకరికి. పట్టలేకపోతే, "క్యాన్," అన్నాడు, అంటే అక్కడి ఇంగ్లీషులో సరే అని. నేను తెచ్చిన బెల్లంలో సగం ఆయనకిచ్చాను. ఒక ముక్క నోట్లో వేసుకుని ఇంకో ముక్క అడిగాడు. బీరు పులియబెట్టడానికి తను వాడే ఈస్టు కొంచెం మురళికిచ్చాడు.

బుధవారం: మళ్ళీ పదకొండో అంతస్తు

పొద్దున లిటిల్ ఇండియాలో ధనియాలు కొని, పక్క మందుల కొట్లో రుచీ రంగూ కలపని విటమిన్ సి పొడి కొన్నాం. ఆ జంటను విడగొట్టడానికి చిటికెడు చాలు, నిమిషాల్లో పని. ఈసారి చెప్పి ఊరుకోలేదు. లిమ్ అంకుల్ ఇచ్చిన రెండు గళ్ళ పట్టీలతో పొడి వేయకముందు, వేసిన తర్వాత, మూడేసి సార్లు చూశాను. రెండో గడి తెల్లబడింది. లావణ్య వంటింటి గుమ్మంలో నిలబడి, అన్నం వార్చడానికి పొయ్యి ఖాళీ చేస్తారా, బయట నుంచి తెప్పించమంటారా అని అడిగింది. తెప్పించుకున్నాం. సాయంత్రానికి పీపా ఉక్కు తలుపు వెనక్కి చేరింది. మర్నాడు నేను విమానం ఎక్కే వేళకు బుడగలు మొదలయ్యాయి.

విశాఖపట్నం

వచ్చిన మూడు వారాలకు, ఒక శనివారం, లావణ్య వీడియో కాల్ చేసింది. లిమ్ అంకుల్ తేడా పట్టలేకపోయాడని మురళి వెనక నుంచి అరుస్తున్నాడు.

"ఎన్నిసార్లు చూశాడు?" అన్నాను.

"నువ్వు అడుగుతావని తెలిసే ఆరుసార్లు చూపించాను వదినా. చీటీలు నేనే మార్చాను. రెండుసార్లు సరిగ్గా చెప్పాడు, నాలుగుసార్లు తప్పు."

మూడింటిలో ఒకటి ఊహించి చెప్పినా ఆరింటికి రెండు ఒప్పవుతాయి. ఆయన ముక్కుకు అంతకన్నా ఏమీ దొరకలేదు. ఆరుసార్లు తక్కువే, ఇరవైసార్లు ఉంటే బాగుండేది. అయినా తొట్టి ఇచ్చాడు. ఇక శని, ఆదివారాలు మురళి అక్కడే కాస్తాడట. లావణ్య ఫోన్ తిప్పి షెల్టర్ గది చూపించింది. పీపాలు లేవు. కుట్టుమిషను, దీపం, వేలాడుతున్న జాకెట్ గుడ్డలు.

"తలుపు వేసుకుంటే ఆయన గొంతు కూడా వినబడట్లేదు," అంది తృప్తిగా.

బీరుకు పేరేం పెట్టాలని మురళి అడిగాడు. తర్వాత చెబుతానన్నాను. అంతకన్నా ముందు చేయాల్సిన ఫోన్ ఒకటి మిగిలింది. లావణ్య దగ్గర నంబరు తీసుకుని, మర్నాడు, ఆదివారం అతనికి సెలవని గుర్తుంచుకుని, అప్పన్నకు చేశాను. సముద్రం గాలి వినిపిస్తోంది. సెంబవాంగ్ రాళ్ళ మీదే ఉన్నట్టున్నాడు. నీళ్ళ సంగతంతా చెప్పాను. మీ చేపలు తిండి ఎక్కువై చావలేదు, ఆ నీళ్ళే కారణం, చేపల కొట్టువాడు ఇచ్చింది సరైన మందే, నేను చెప్పింది తప్పు అన్నాను.

"తెలుసండి మేడమ్," అన్నాడు అప్పన్న. "రెండోసారి తెచ్చిన చేపలకి నేనసలు తిండే పెట్టనేదు. సాయంత్రం వేసినాను, తెల్లారేసరికి పోనాయి."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు అడగనేదు కదండి."

మురళికి అప్పుడే కబురు పంపాను. పేరు దొరికిందని, అప్పన్న మూడుసార్లు పోగొట్టుకున్న చేపల గుర్తుగా సీసా మీద మూడు చేపల బొమ్మలు వేయించమని.